‘అందాజుగ ఏసుకో బిడ్డా!’

వంట బాగా చేతనైన పెద్దవాళ్లను కొలత అడిగి చూడండి. నీళ్లెన్ని పొయ్యాలె? అందాజుగ. కారమెంత? అందాజుగ. పొయ్యి మీద ఎంతసేపు ఉంచాలె? అయ్యేదాంక. అడిగినవాళ్లకు ఒళ్లు మండుతుంది. చెప్పడం ఇష్టంలేక దాటేస్తున్నారేమో అనిపిస్తుంది. ఫోన్ పెట్టేసి యూట్యూబ్ తెరుస్తాం. అక్కడ ఎవరో ఒక కప్పు, ముప్పావు కప్పు, రెండు చెంచాలు అని ముచ్చటగా చెబుతారు. ఆ లెక్కన చేసింది ఒకరోజు కుదురుతుంది, ఇంకోరోజు కుదరదు. ఎందుకు కుదరలేదో చెప్పడానికి వీడియోలో ఎవరూ ఉండరు.

నిజానికి పెద్దవాళ్లు దాచేదేమీ లేదు. వాళ్లు కొలవరు, అంతే. కొలవరు గాని కనిపెట్టి ఉంటారు. పిండి గిన్నెను వదిలిందా, నూనె పైకి తేలిందా, చప్పుడు మారిందా అని చూస్తారు. ఆ గుర్తు కనబడగానే చెయ్యి ఆపేస్తారు. ఏళ్ల తరబడి చేసిన పని కావడంతో, తాము చూస్తున్నామన్న సంగతి వాళ్లకే గుర్తుండదు. కాబట్టి "ఎంత?" అని అడిగితే వాళ్ల దగ్గర జవాబుండదు. "ఎప్పుడు ఆపుతవు?" అని అడగండి. జవాబు వెంటనే వస్తుంది, వివరంగానూ వస్తుంది. ఈ అధ్యాయమంతా ఆ రెండో ప్రశ్న గురించే.

బోయిగూడలో ఈ సంగతి వంటింటి బయట కూడా తెలుస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో నంబర్ ప్లాట్‌ఫామ్ వైపు నుంచి బయటపడి లోపలికి నడిస్తే టింబర్ డిపోలు, కోత మిషన్లు తగులుతాయి. రంపం మీదికి దుంగను తోసే మనిషిని "ఎంత స్పీడుగ తొయ్యాలన్నా?" అంటే నవ్వి ఊరుకుంటాడు. "ఎప్పుడు మెల్లగ చేస్తవన్నా?" అంటే మాత్రం పని ఆపి మరీ చెబుతాడు. చప్పుడు బరువెక్కితే లోపల ముడి ఉన్నట్టు. అప్పుడు చెయ్యి తేలిక చెయ్యాలె, లేకుంటే బ్లేడు పోతది. టేకు చప్పుడు వేరు, వేప చప్పుడు వేరు. ఇంత వివరం ఆ మనిషి దగ్గర మొదటినుంచీ ఉంది. మన ప్రశ్న అక్కడిదాకా పోలేదంతే.

ఉద్యోగాల్లోనూ ఇదే తంతు. కొత్తగా చేరిన టీచరు సీనియర్‌ను "ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పాలి మేడం?" అని అడుగుతుంది. "పిల్లల్ని బట్టి" అని జవాబు. దాంతో ఆమెకు ఒరిగేదేమీ లేదు. "మీరు ఏం చూసి తర్వాతి లెక్కకు వెళతారు?" అని అడిగి ఉంటే, "వెనక బెంచీవాళ్లు పక్కవాళ్ల నోట్సులోకి తొంగిచూడటం మానేస్తే వెళతా" అని వచ్చేది. అది మర్నాడే పనికొచ్చే మాట.

ఈ అలవాటు ఊరికే చదివితే రాదు. చేతులు తడుపుకోవాలి. అందుకు నేను ఎంచుకున్నది సొరకాయ సర్వపిండి.

సర్వపిండే ఎందుకు

తెలంగాణవాళ్లకు సర్వపిండిని పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్ల కోసం నాలుగు ముక్కలు: బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లికాడలు కలుపుతారు. గుండ్రటి అడుగున్న సర్వ అనే గిన్నె లోపల, గోడల మీదికంటా పలచగా ఒత్తుతారు. వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలేసి, మూతపెట్టి కాలుస్తారు. కొన్ని జిల్లాల్లో దీన్ని గిన్నప్ప అంటారు, ఆంధ్ర వైపు తపాలచెక్క అంటారు. అందులో సొరకాయ తురుము పడితే కింద కరకర, పైన మెత్తన. సాయంత్రం రెండు ముక్కలు తింటే రాత్రికి అన్నం వద్దనిపిస్తుంది.

దీనికి దూరపు చుట్టాలు చాలామందే ఉన్నారు. సికింద్రాబాద్‌లో తరాలుగా ఉంటున్న గుజరాతీల ఇళ్లలో హాండ్వో చేస్తారు. బియ్యం, పప్పులు రుబ్బి పులియబెట్టిన పిండిలో సొరకాయ తురుము కలిపి, నువ్వుల పోపుతో దళసరిగా కాలుస్తారు. గ్రీసులో థెస్సలీ ప్రాంతంవాళ్లు బత్సినా అని ఒకటి చేస్తారు. లేత జుకినీ తురుము, పిండి, ఫెటా జున్ను కలిపి పళ్లెంలో పలచగా పరిచి ఓవెన్‌లో పెడతారు. ఇంగ్లిషువాళ్ల ‘పై’ లాగా దానికి కింద ఒక పొర, పైన ఒక పొర ఉండవు. కాయే పిండి, పిండే కాయ. అంటే సర్వపిండికి అన్నదమ్ముల వరసే.

మూడుచోట్లా వంటవాళ్లను సతాయించేది ఒకటే: కాయలోని నీరు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలు ప్రచురించింది. ఆ సంస్థ దాకా పోకుండానే సొరకాయను కోసినవాళ్లెవరైనా చెప్పగలిగేది ఏమిటంటే, అందులో నూటికి తొంభై వంతులకు పైగా నీరే. ఆ నీరు కూడా ఒక్క తీరుగా ఉండదు. పొద్దున మిద్దె మీద కోసిన కాయ తురుముతుంటేనే చేతులు తడుస్తాయి. మోండా మార్కెట్‌లో రెండు రోజులు గోనెసంచి మీద పడి ఉన్న కాయ అంత నీరు వదలదు. ఒకే కాయలో మెడ దగ్గర గట్టిగా, కింద బొజ్జ దగ్గర మెత్తగా ఉంటుంది. కప్పుల లెక్క ఇక్కడ చెల్లదు. అందాజు నేర్చుకునేవాళ్లకు కావలసింది సరిగ్గా ఇలాంటి వస్తువే.

ఇంకో సుగుణం: బియ్యప్పిండి చవక. కుదరకపోయినా తినొచ్చు. పావుగంట తిరక్కుండా మార్కులు చేతికొస్తాయి. పిండిని, తురుమును నాలుగేసి భాగాలు చేసుకుంటే, ఒక్కోదాన్లో ఒక్కో మార్పు చేసి చూడొచ్చు.

మిద్దె మీద

కాయ కొనుక్కొచ్చుకున్నా నష్టం లేదు. కాకపోతే మిద్దె తోట ఉన్నవాళ్లకు సాధన రెండు నెలల ముందే మొదలవుతుంది. హైదరాబాద్‌లో సొర గింజ పెట్టడానికి రెండు అదునులు. వానాకాలం పంటకు జూన్, జూలై. ఎండాకాలం పంటకు జనవరి, ఫిబ్రవరి. తొట్టి చిన్నదైతే తీగ పాకుతుంది గాని కాయ నిలవదు. కనీసం 40, 50 లీటర్ల డ్రమ్ము ఉండాలి. అంత తడి మట్టి 60, 70 కిలోలు తూగుతుంది. బోయిగూడ పాత ఇళ్ల శ్లాబుల మీద దాన్ని నడిమధ్యన పెట్టొద్దు. పిల్లరు మీదో, గోడ వచ్చే చోటో పెట్టండి.

టింబర్ డిపోలు దగ్గరుండటంతో ఇక్కడివాళ్లకు ఒక ఆశ పుడుతుంది. రంపపొట్టు సంచులకొద్దీ దొరుకుతుంది కదా, మట్టిలో కలిపేద్దామని. పచ్చి పొట్టు మట్టిలో కలిస్తే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తినేస్తాయి. తీగ పసుపు రంగుకు తిరుగుతుంది. పైగా అందులో ప్లైవుడ్ పొడి ఉంటే జిగురూ మందులూ కలిసి ఉంటాయి. పొట్టు జోలికి పోకుండా ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి కలుపుకోండి. డిపో నుంచి తెచ్చుకోదగ్గవి పందిరికి పనికొచ్చే సన్న బద్దలు.

సొర పువ్వు తెల్లగా ఉంటుంది, సాయంత్రం విచ్చుతుంది. రాత్రి తిరిగే రెక్కపురుగులు దానికి పుప్పొడి మోస్తాయి. ఊరి నడుమ, మూడో అంతస్తు మీద అవి వస్తాయన్న నమ్మకం లేదు. మొదట పూసేవి మగపూలే. వాటిని చూసి "కాయ పడటంలేదు" అని తీగ పీకేసినవాళ్లు నాకు తెలుసు. కొన్నాళ్లకు ఆడపూలు వస్తాయి. పువ్వు కింద వేలెడంత పిందె ఉంటే అది ఆడది. చీకటిపడే వేళ మగపువ్వును తెంపి, దాని రెక్కలు తీసేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు లోపల మెల్లగా రుద్దితే సరిపోతుంది. పిందె నాలుగైదు రోజుల్లో సాగితే పట్టినట్టు. పసుపు తిరిగి ముడుచుకుంటే పట్టనట్టు. పిందె మీద చిన్న గాటు, దాని పక్కన జిగురు చుక్క కనబడితే పండుఈగ గుడ్డు పెట్టిందని అర్థం. ఆ పిందెను ఉంచి లాభం లేదు. తెంపి, నేలపై పారెయ్యకుండా, సంచిలో మూటగట్టి ఎండలో పెట్టండి.

ఇక కోసేది ఎప్పుడు? పువ్వు పట్టిన పన్నెండు పదిహేను రోజులకు అని పుస్తకాల్లో ఉంటుంది. ఎండలు ముదిరితే ఆ లెక్క తప్పుతుంది. చూడాల్సిన గుర్తులు వేరు. లేత కాయ ఒంటి మీద సన్నని నూగు ఉంటుంది. అది రాలి కాయ నున్నగా మెరిసిందంటే ఆలస్యమైనట్టే. గోరు గుచ్చితే ఒత్తకుండానే దిగాలి. "ఇంకా పెరగనీ, పెద్దదవుతది" అని ఆశపడితే పెద్దదవుతుంది, నిజమే. గింజ కూడా పెద్దదవుతుంది. సర్వపిండికి ముంజేతి పొడవున్న కాయ చాలు. తీగకు ఒకే ఒక్క కాయను మాత్రం ముదరనిచ్చి, గింజలకు ఉంచుకోండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. తురమక ముందు తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలిందా, ఉమ్మేసి కాయ మొత్తం పారెయ్యండి. చేదున్న భాగం తీసి మిగతాది వండుకుందామని బేరాలొద్దు. ఉడికిస్తే పోతుందనుకోవద్దు. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థాలది. వేడికి అది విరగదు. చేదు సొరకాయ రసం తాగినవాళ్లకు రక్తపు వాంతులై, రక్తపోటు పడిపోయి, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసి మరీ చేదు కాయ తినవద్దని చెప్పింది. విరుగుడు మందు లేదు. ఇంటి తోటల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. నీళ్లు చాలక ఎండకు మాడిన తీగకు, ఎక్కడో కలిసిపోయిన విత్తనానికి చేదు కాయలు రావచ్చు. అందాజు పనికిరాని చోట్లలో ఇది మొదటిది.

నీళ్లు

ఇప్పుడు వంటింట్లోకి. పావుకిలో తురుముకు పావుకిలో బియ్యప్పిండితో మొదలుపెట్టండి. ఇది మొదలుపెట్టే చోటే, చేరే చోటు కాదు. చెక్కు పలచగా తీసి, తురుముపీట లావు వైపు తురమండి. మధ్యలో దూదిలా ఉన్నదీ, ముదిరిన గింజలూ తీసెయ్యండి. చెక్కు పారెయ్యకండి, నువ్వులు వేసి పచ్చడి చేసుకోవచ్చు. తురుములో ఒక టీస్పూన్ ఉప్పు కలిపి పది నిమిషాలు పక్కన పెట్టండి. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగుతుంది. గిన్నె వంచితే అడుగున నీరు కనబడుతుంది. రెండు చేతులతో తురుమును పిండి, ఆ నీటిని వేరే గిన్నెలో పట్టండి. సింకులో పారబోస్తే మీరు వేసిన ఉప్పులో సగం అందులోనే పోతుంది. పిండి కలపడానికి మొట్టమొదట వాడాల్సింది ఆ నీరే.

బియ్యప్పిండిలో గంటసేపు నానిన శనగపప్పు రెండు చెంచాలు, నువ్వులు రెండు చెంచాలు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, ఉల్లికాడల తరుగు, కరివేపాకు, కొత్తిమీర వెయ్యండి. పచ్చిమిర్చి, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు రోట్లో నలగ్గొట్టి కలపండి. మిక్సీ తిప్పితే మెత్తటి ముద్దవుతుంది, పంటికి తగలదు. అప్పుడు పిండిన తురుము వేసి చేత్తో కలపండి. తర్వాతే సొరకాయ నీళ్లు, చెంచా చొప్పున.

ఎక్కడ ఆపాలి? చిన్న ముద్ద తీసి అరచేతిలో పెట్టి వేలితో నొక్కండి. అంచు పగిలితే ఇంకా పొయ్యాలి. వేలికి జిగురుగా అంటుకుని లేస్తే ఎక్కువైంది. నొక్కినచోట వేలి గుంట నిలిచి, అంచు పగలకుండా ఉంటే అదే గుర్తు. చపాతీ పిండికంటే మెత్తగా ఉంటుంది. గిర్నీలో అప్పుడే పట్టించిన తడిపిండి తక్కువ నీరు తాగుతుంది. దుకాణంలో ప్యాకెట్ పొడిపిండి ఎక్కువ తాగుతుంది. కప్పు లెక్క చెప్పేవాళ్లు మీ ఇంట్లో ఏ పిండి ఉందో ఎలా చెబుతారు?

ఒక కిటుకు. కలిపిన ముద్దను ఉంచకండి. ఉప్పు లోపల పనిచేస్తూనే ఉంటుంది, తురుము ఇంకా నీరు వదులుతూనే ఉంటుంది. అరగంట తర్వాత చూస్తే మీరు సరిగ్గా ఆపిన ముద్ద జారిపోతుంటుంది. అప్పుడు పిండి కలుపుతాం, రుచి చప్పబడుతుంది, ఉప్పు కలుపుతాం, మళ్లీ నీరు. ఈ పరుగు మొదలైతే అంతుండదు. సర్వ పొయ్యి పక్కన సిద్ధంగా పెట్టుకున్నాకే పిండి కలపండి. చుట్టాలొస్తే పిండి, తురుము విడివిడిగా ఉంచి, విడతలుగా కలుపుకోండి.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. తప్పకుండా చెంచాతో కొలవమని నేను పట్టుబట్టే వస్తువు ఇదొక్కటే. నీళ్లకు చేతికి తెలిసే గుర్తుంది. ఉప్పుకు ఉన్న గుర్తు నాలుక. ఆ నాలుక అలవాటు పడిపోతుంది. రోజూ కాస్త ఎక్కువ తినేవాళ్లకు కొన్నాళ్లకు అదే సరిపోయినట్టు అనిపిస్తుంది. వయసు మీదపడేకొద్దీ రుచి మందగిస్తుంది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే దాదాపు ఒక టీస్పూన్, అదీ రోజంతటికీ అన్ని వంటల్లో కలిపి. పై కొలతతో చేసింది నలుగురు పంచుకోవాలి. బీపీ ఉన్నవాళ్లకు చేస్తే ఉప్పు సగానికి తగ్గించి, తురుమును పది నిమిషాలకు బదులు ఇరవై నిమిషాలు ఉంచండి. పెద్దవాళ్ల అందాజును గౌరవిద్దాం గాని, గుర్తే జరిగిపోయే చోట దాన్ని నమ్ముకోవద్దు. మందు డోసుల సంగతీ అంతే.

చెవితో వండటం

సర్వ లోపల నూనె రాయండి. పొయ్యి వెలిగించకుండానే పెద్ద నారింజకాయంత ముద్దను అడుగున పెట్టి, తడి వేళ్లతో మధ్యనుంచి గోడల మీదికి ఒత్తుతూ పొండి. అంతటా ఒకటే మందం రావాలి. మధ్యలో దళసరిగా వదిలేస్తే అది ఉడికేలోపు అంచులు మాడతాయి. వేలితో ఐదారు బొక్కలు పెట్టి, ఒక్కోదాన్లో రెండు మూడు చుక్కలు నూనె వెయ్యండి. ఆ బొక్కలు అందానికి కావు. నూనె కిందికి దిగే దారి, ఆవిరి పైకొచ్చే దారి అవే. కింద రంగు తిరిగిందో లేదో చూసుకునే కిటికీలు కూడా అవే. సర్వ లేకపోతే అడుగు మందంగా ఉన్న కడాయి చాలు. తవా వద్దు, దాని మీద గోడ రాదు. సర్వపిండిలో అందరూ కొట్టుకునేది ఆ గోడ ముక్కల కోసమే.

మూతపెట్టి సన్నమంట. ఎంతసేపు? ఇక్కడే మా పై వాటాలో ఉండే పెద్దమ్మ దగ్గర రెండో ప్రశ్న వాడాను. "ఎంతసేపు పెద్దమ్మా?" అంటే "అయ్యేదాంక" అన్న మనిషి, "ఏం చూసి దించుతవు పెద్దమ్మా?" అనగానే నా చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి గుంజింది.

"చూసుడు కాదు బిడ్డా, ఇనాలె. మొదాలు నీళ్ల చప్పుడు ఉంటది, సుయ్‌మని. జరసేపటికి అది పోయి నూనె చప్పుడు మొదలైతది, సన్నగ, చిటచిటమని. గప్పుడు మూత తియ్యి. మూత తీసినంక ఇంకో రెండు నిమిషాలుంచు, పైన చెమట పోతది. అంచు దానంతట అదే లేస్తది. లేవకుంటే గీకకు, ఇంకా కాలేదన్నట్టు."

ఆమె చెప్పిన దాంట్లో రసాయనశాస్త్రం మొత్తం ఉంది. ముద్ద అడుగున తడి ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వేడంతా నీటిని ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది. ఆ తడి ఆరిపోయాకే వేడి పైకి ఎగబాకుతుంది. అప్పుడే ఎర్రదనం, కమ్మటి వాసన మొదలవుతాయి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీ మైయార్ 1912లో వివరించిన చర్య అదే. పిండిలోని చక్కెరలు, పల్లీల్లో పప్పుల్లో ఉన్న ప్రొటీన్ల ముక్కలు వేడికి కలిసి ఆ రంగును, వాసనను పుట్టిస్తాయి. సుయ్‌మనే చప్పుడు ఆగి చిటచిట మొదలైందంటే తడి ఆరిందని, వేడి 100 దాటిందని అర్థం. థర్మామీటరు ఇంతకంటే కొత్తగా చెప్పేదేమీ లేదు.

సొరకాయ లేని సర్వపిండిలో నీళ్ల చప్పుడు తొందరగా పోతుంది. సొరకాయది ఎక్కువసేపు సాగుతుంది, ఓపిక పట్టాలి. మంట పెంచి తొందరపెడితే అడుగు మాడుతుంది, పైన పచ్చి వాసన మిగులుతుంది. మూత లోపల చేరిన నీటి బొట్లు తిరిగి పిండి మీదనే పడతాయి. మధ్యలో ఒకసారి మూత తీసి, బట్టతో తుడిచి పెట్టండి. పెద్దగా ఎవరూ చెప్పని పని ఇది. చేసి చూస్తే తేడా తెలుస్తుంది.

మొదటిది దించాక తంటా మొదలవుతుంది. సర్వ కాలిపోతూ ఉంటుంది, రెండోది ఒత్తాలి. వేడి గోడ మీద ముద్ద పెడితే తాకినచోటల్లా ఉడికి అంటుకుపోతుంది, సాగదు. వేళ్లు కాలుతాయి. పాతకాలం వాళ్లు సర్వను బోర్లించి వీపు మీద నీళ్లు చల్లి చల్లార్చేవారు. ఇత్తడిదో, మందపాటి అల్యూమినియందో అయితే ఆ పని చెయ్యొచ్చు. ఇనుప పోత కడాయి మీద నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది. నాన్‌స్టిక్ అయితే పూత దెబ్బతింటుంది. రెండు గిన్నెలు పెట్టుకుని ఒకటి కాలుతుండగా ఇంకోటి చల్లారనివ్వడం అన్నింటికంటే సుఖం.

సాధన కోసం చేస్తున్నవాళ్లు ఇక్కడ ఆ నాలుగు భాగాలను, ఒత్తే ముందు ఒక్కోటీ కలుపుకుంటూ, వాడుకోండి. మొదటిది మామూలుగా. రెండోదానికి మూత చివరిదాకా తియ్యొద్దు. మూడోది కాస్త దళసరిగా ఒత్తండి. నాలుగోదానికి మంట ఒక గీత పెంచండి. ఒక్కసారి ఒక్క మార్పే. రెండు మార్పులు కలిపి చేస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. పక్కన నోటుబుక్కు పెట్టుకుని కప్పులు, నిమిషాలు కాకుండా గుర్తులు రాయండి: ‘చిటచిట మొదలయ్యాక తీశాను, అడుగు ఎర్రగా వచ్చింది’, ‘బొక్కల చుట్టూ రంగు తిరగకముందే తీశాను, మధ్యలో పచ్చి’. ఇలాంటి నాలుగు వాక్యాలు మీ గిన్నెకు, మీ పొయ్యికి సరిపోయే వంట పుస్తకం. అది ఏ దుకాణంలోనూ దొరకదు. కొత్త ఉద్యోగంలో మొదటి నెలంతా ఇదే పద్ధతిలో రాసుకోమని నేను యువకులకు చెబుతుంటాను. ఎవరు ఏం చూసి పని ఆపారు, ఏం చూసి మళ్లీ మొదలుపెట్టారు అన్నది రాసుకోండి. పని ఎలా చెయ్యాలో ట్రైనింగ్‌లో చెబుతారు. ఎక్కడ ఆపాలో మాత్రం చెప్పరు.

సొరకాయది మామూలు సర్వపిండిలా మర్నాటికి నిలవ ఉండదు, మెత్తబడుతుంది. మిగిలితే మైక్రోవేవ్‌లో పెట్టకండి, రబ్బరవుతుంది. పొడి కడాయిలో అడుగు వైపు కిందికి పెట్టి సన్నమంట మీద వేడిచేస్తే కరకర తిరిగొస్తుంది. పెరుగుతోనో, వెన్నతోనో బాగుంటుంది. నాకైతే ఉత్తదే ఇష్టం. తీగ జోరుమీదుంటే కాయలు మిగిలిపోతాయి. అప్పుడు పప్పులో వెయ్యండి, పాలుపోసి కూర వండండి. తీపి కావాలంటే హైదరాబాదీ పెళ్లిళ్లలో పెట్టే కద్దూ కీ ఖీర్ ఉండనే ఉంది, అది సొరకాయ తురుముతో చేసేదే. కింద వాటావాళ్లకు ఒకటి, ఎదురింటికి ఒకటి పంపినా తీగ కాస్తూనే ఉంటుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకు సొరకాయ ఇండియన్ స్టోర్‌లో దొరుకుతుంది, ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది. వేసవిలో పెరట్లో జుకినీ, పసుపు స్క్వాష్ గుట్టలుగా కాస్తాయి. వాటితో నిక్షేపంగా చేసుకోవచ్చు. చెక్కు తియ్యక్కర్లేదు, లేతవైతే గింజలూ తియ్యక్కర్లేదు. సొరకాయకంటే మెత్తన కాబట్టి ఉప్పు వేశాక కాస్త ఎక్కువసేపు ఉంచి, బట్టలో మూటగట్టి గట్టిగా పిండండి. అక్కడి కరెంటు పొయ్యి మీద చప్పుడు అంత తేటగా వినిపించదు. కాయిల్ ఆగి ఆగి వెలుగుతుంది, దాంతో చప్పుడూ తగ్గి పెరుగుతుంది. ఇలాంటప్పుడు బొక్కల చుట్టూ రంగును నమ్ముకోండి. చేదు పరీక్ష జుకినీకి కూడా తప్పదు, ఆ కుటుంబం అంతటికీ ఆ గుణం ఉంది.

మొదటిసారి చేసేటప్పుడు ఇంటికి వీడియో కాల్ చెయ్యండి. "అమ్మా, నీళ్లెన్ని?" అని అడగకండి. ముద్దను అరచేతిలో నొక్కి కెమెరాకు చూపించండి. మూత పెట్టాక ఫోన్‌ను మంటకు దూరంగా, చప్పుడు అందే చోట స్పీకర్‌లో పెట్టండి. ఆమె ఆ మాటా ఈ మాటా చెబుతూనే వింటూ ఉంటుంది, ఉన్నట్టుండి "ఇగ తియ్యి" అంటుంది. అప్పుడు మూత తీసి, ఏం విని అలా అన్నదో అడిగి, నోటుబుక్కులో ఆమె మాటల్లోనే రాసుకోండి.